చెరువు నీటిలో ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి: అందరినీ కూర్చోబెట్టి కొలమానాలు నిర్ణయించుకునే పద్ధతి

తెల్లవారుజామున ఐదింటికి చెరువు కట్ట మీద నిలబడితే కొన్ని రోజులు నీళ్ల మీద చిన్న చిన్న వలయాలు కనిపిస్తాయి. చినుకులు పడుతున్నాయేమో అనుకుంటాం. కాదు, చేపలు మూతులు పైకి పెట్టి గాలి కోసం గుటకలు వేస్తుంటాయి. అదే రోజు పదకొండింటికి జీపులో వచ్చినవాళ్లు శాంపిల్ తీస్తే కరిగిన ఆక్సిజన్ లీటరుకు 7 మిల్లీగ్రాములు ఉందని తేలుతుంది. రిపోర్టులో "సంతృప్తికరం" అని రాస్తారు. వారం తిరక్కముందే చేపలు పొట్టలు తేలేసి ఒడ్డుకు కొట్టుకొస్తాయి.

ఆ అంకె తప్పు కాదు, కొలిచిన వేళ తప్పు. మురుగు చేరి నాచు పెరిగిన చెరువులో పగలంతా నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు, అడుగున ఉన్న సూక్ష్మజీవులు కలిసి దాన్ని తాగేస్తాయి. అందుకే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది సూర్యోదయానికి కాస్త ముందు. ఇది పుస్తకాల్లో ఉన్న విషయమే. అయినా మాకు ఒక మత్స్యకారుల సొసైటీ పెద్దాయన చెప్పేదాకా తట్టలేదు. "పొద్దెక్కినంక వస్తే ఏం తెలుస్తది సారూ, కోడి కూసే యాళ్లకు రాండ్రి" అన్నాడాయన. అప్పటికి ఆరు నెలల శాంపిళ్లు మేం పట్టపగలే తీసి ఉన్నాం.

ఏం కొలవాలో, ఎక్కడ, ఎప్పుడు కొలవాలో నిర్ణయించే చోట ఆ పెద్దాయన లాంటివాళ్లు ఉండాలి. వాళ్లను ఎలా తీసుకురావాలి, కంపెనీవాళ్లను, కాలుష్య నియంత్రణ మండలి (బోర్డు) అధికారులను వాళ్ల పక్కన ఎలా కూర్చోబెట్టాలి, చివరికి అందరూ ఒప్పుకునే అంకెల దాకా ఎలా రావాలి అన్నదే ఈ వ్యాసం. పారిశ్రామిక వాడ కింద ఉన్న తెలంగాణ చెరువును మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఆంధ్రలో ఆక్వా చెరువుల పక్క కాలువకైనా ఇదే దారి పనికొస్తుంది, కొలిచే అంశాలు మారతాయి, అంతే.

ముందుగా: మన చేతిలో ఉన్నదేమిటి?

ఇది తేల్చుకోకుండా మీటింగ్ పెడితే మొదటి గంటలోనే ఎవరో లేచి "మనం చెప్తే ఎవరు వింటారు?" అంటారు. సగం మంది అక్కడే లేచిపోతారు.

మన దేశంలో నీటికి మూడు రకాల అంకెలున్నాయి. ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం వల్లే చాలా గొడవలు వస్తాయి. మొదటిది తాగునీటిది, ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం, 2012 నాటిది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా. నైట్రేట్ 45. రెండోది కంపెనీ పైపు నుంచి బయటికొచ్చే నీటిది. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం వాగులూ చెరువుల్లోకి వదిలే నీటిలో సాధారణంగా బీఓడీ (నీటిలోని మురుగును సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్) 30, సీఓడీ (ఆ మురుగును రసాయనాలతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250, తేలియాడే ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. కొన్ని పరిశ్రమలకు విడిగా అంకెలున్నాయి. మూడోది చెరువు లేదా నది నీటిది. ఏ అవసరానికి వాడుతున్నామో చూసి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులు పెట్టింది. స్నానానికి బీ: ఆక్సిజన్ కనీసం 5, బీఓడీ 3కు మించకూడదు. చేపలకు డీ: ఆక్సిజన్ కనీసం 4, విష రూపంలో ఉండే అమ్మోనియా 1.2 లోపు. సాగుకు ఈ: విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) సెంటీమీటరుకు 2250 మైక్రోమోల లోపు, బోరాన్ 2 లోపు.

ఇప్పుడు పైపు అంకెనూ చెరువు అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ బీఓడీ 30తో నీళ్లు వదిలితే చట్టం తప్పినట్టు కాదు. అవి కలిసే చోట బీఓడీ 3 ఉండాలంటే ఆ నీళ్లు ఒక వంతుకు, బీఓడీ 1 ఉన్న మంచి నీళ్లు పదమూడు వంతులకు పైగా కలవాలి. వానాకాలంలో కలుస్తాయి. ఏప్రిల్‌లో మన వాగుల్లో కలవడానికి ఏముంది? పైపులోంచి వచ్చేదే వాగు. కంపెనీ "మేం రూల్ ప్రకారమే" అనడం, రైతు "నీళ్లు పాడైపోయాయి" అనడం, రెండూ నిజమయ్యేది ఇక్కడే. మొదటి మీటింగులో ఈ లెక్కను నల్లబోర్డు మీద వేసి చూపించండి. చాలా కోపం అక్కడే చల్లారుతుంది.

చట్టంలోని అంకెల కంటే మెత్తటివి మనం పెట్టలేం. కఠినమైనవి పెట్టే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. వ్యర్థ జలాలకూ, అవి కలిసే నీటికీ ప్రమాణాలు నిర్ణయించడం 1974 నీటి చట్టం 17వ సెక్షన్ బోర్డుకు అప్పగించిన పనుల్లో ఒకటి. ఊరు చేయగలిగింది ఏమిటంటే, ఈ చెరువు దేనికి వాడతాం, అందుకు ఏమేం కొలవాలి, ఏ చోట, ఏ వేళ, ఏ అంకె దాటితే ఎవరు ఏం చేయాలి అన్నది రాసుకుని బోర్డు ముందు పెట్టడం. కేంద్రం కొత్త ప్రమాణాల ముసాయిదా వేసినప్పుడు దాని మీద అభిప్రాయం రాయడం రెండోది. రెండూ చేయాలి.

మొదటి పని: నీటి వెంట నడవడం

మనుషుల్ని పిలిచే ముందు నీళ్లు వచ్చే దారంతా నడవండి. ఎగువన ఒర్రెలు కలిసే చోటు, అలుగు, తూము, శిఖం భూములు, రోడ్డు కింది మోరీలు అన్నీ చూడండి. ఊళ్లో నీరటి ఉంటే ఆయన్ని వెంటబెట్టుకోండి. ఏ తూము ఎప్పుడు లేపుతారో, ఏ ఒర్రె ఏ నెలలో రంగు మారుతుందో నీరటికి తెలిసినంత ఏ మ్యాపులోనూ ఉండదు. ఒక తెల్ల కాగితం మీద గీసుకుంటూ వెళ్లండి. ఊరి మురుగు కలిసే చోటు కూడా దాచకుండా గుర్తు పెట్టండి. పైన కంపెనీ ఉందని కింద మన డ్రైనేజీని మరిచిపోతే తర్వాత కంపెనీవాళ్లే వేలెత్తి చూపిస్తారు, అప్పుడు మన మాటకు విలువ ఉండదు.

నడక అయ్యాక బోర్డు ఆఫీసుకు వెళ్లి, ఎగువ పరిశ్రమలకు ఇచ్చిన అనుమతి షరతుల రిజిస్టర్ అడగండి. నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టర్ బోర్డు నిర్వహించాలి, ఆ నీటి వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా పని వేళల్లో చూడొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. అక్కడ కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. కంపెనీ ఏం తయారు చేస్తుందో, ఎంత నీరు వదలడానికి అనుమతి ఉందో తెలిస్తే ఏం కొలవాలో సగం తెలిసినట్టే.

రెండో పని: ఎవర్ని పిలవాలి, ఎలా పిలవాలి

మామూలుగా ఏం జరుగుతుందంటే, సర్పంచ్, కార్యదర్శి, ఇద్దరు పెద్ద రైతులు, ఒక అధికారి, కంపెనీ నుంచి ఒక మేనేజరు. ఫోటో దిగుతారు, టీ తాగుతారు, అయిపోతుంది. ఆ నీళ్లలో రోజూ చేతులు పెట్టేవాళ్లు ఒక్కరూ ఆ ఫోటోలో ఉండరు.

నీళ్లను ఎవరు ఎలా తాకుతారో దాన్నిబట్టి జాబితా రాయండి. చేపలు పట్టే సొసైటీ సభ్యులు, బట్టలు ఉతికే రజకులు, పశువుల్ని కడిగే పిల్లలు, కౌలు రైతులు, నాట్లు వేసే కూలీ అక్కలు. గంటల తరబడి మోకాలి లోతు నీళ్లలో నిలబడేది నాట్లేసేవాళ్లే. భూమి యజమాని ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తాడు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, వెటర్నరీ డాక్టరు, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ కూడా కావాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడకం నేర్పాలని పెట్టారు. మీ ఊళ్లో అలా నేర్చుకున్నవాళ్లుంటే మీ కొలతల బృందం సగం తయారుగా ఉన్నట్టే.

అటువైపు నుంచి కంపెనీల పర్యావరణ విభాగం మేనేజర్లు, ఉమ్మడి శుద్ధి ప్లాంటు ఉంటే దాని ఆపరేటరు, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు, ఇరిగేషన్, మత్స్య శాఖల అధికారులు, ఊరి నీటి పథకం చూసేవాళ్లు. ట్యాంకర్ డ్రైవర్లతో కూడా మాట్లాడండి, కాకపోతే మీటింగులో కాదు. వాళ్ల ఉద్యోగాలకు ఇబ్బంది రాకుండా విడిగా, పేరు రాసుకోకుండా వినండి.

అందరినీ ఒకేసారి కూర్చోబెట్టొద్దు. మేం మొదట చేసిన పెద్ద తప్పు అదే. సూటు వేసుకున్న మేనేజరు ముందు, బాకీ ఉన్న ఆసామి ముందు కౌలు రైతు నోరు విప్పడు. మగవాళ్లంతా ముందు వరసలో ఉంటే ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని వింటారు, అంతే. కాబట్టి ముందు విడివిడిగా: మత్స్యకారులతో వాళ్ల పడవల దగ్గర, డ్వాక్రా సంఘం మీటింగు రోజున అక్కలతో, రజకులతో రేవు దగ్గర. కంపెనీవాళ్లతో కూడా విడిగా కూర్చోండి. వాళ్లకూ టెన్షన్ ఉంటుంది: ఈ అంకెలు రేపు కోర్టులో తమ మీదే వాడతారని, పోటీ కంపెనీకి తమ తయారీ వివరాలు తెలుస్తాయని. "మీ రహస్యాలు మాకొద్దు, అనుమతి పత్రంలో ఉన్నవి చాలు" అని ముందే చెబితే చాలామంది మెత్తబడతారు.

కూలీ పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలీ ఇవ్వండి, లేదా మీటింగు రాత్రి ఏడు తర్వాత పెట్టండి. కాగితాలన్నీ తెలుగులో ఉండాలి. ఉమ్మడి మీటింగును నడిపేది ఏ పక్షానికీ చెందనివాళ్లయితే మంచిది. రిటైరైన హెడ్మాస్టరో, లెక్చరరో బాగుంటారు. ఇరవై మందికి మించితే మాట సాగదు.

మూడో పని: జనం మాటను కొలిచే అంశంగా మార్చడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది, అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. "నీళ్లు పాడైనయి" అంటే ఏ ల్యాబూ కొలవలేదు. "ఎట్ల పాడైనయి అక్కా, ఎప్పుడు చూసినవ్, ఎక్కడ?" అని ఓపిగ్గా అడుగుతూ పోవాలి. చెప్పినదాన్ని చెప్పినట్టే ఎడమవైపు రాయండి. లెక్చరరుతో కలిసి, అది ఏ కారణాల వల్ల రావచ్చో, ఏం కొలిస్తే తెలుస్తుందో కుడివైపు రాయండి.

"వరి ఆకుల కొసలు ఎండుతున్నయి, మడి ఆరితే తెల్లగ పొర కడుతున్నది" అంటే ఉప్పు. విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, క్లోరైడ్, బోరాన్ కొలవాలి. బీఓడీ ఎంత కొలిచినా ఈ సమస్య కనిపించదు. "కుళ్లిన గుడ్ల వాసన" అంటే అడుగున ఆక్సిజన్ పూర్తిగా పోయి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని. "సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు" అంటే కాఠిన్యం, అది చాలాచోట్ల భూగర్భ జలాల సహజ గుణమే కావచ్చు, కంపెనీది కాకపోవచ్చు. "మందుల షాపు వాసన" అంటే ద్రావకాలు కావచ్చు. కిట్‌తో తేలదు, మంచి ల్యాబ్‌లో యంత్రం మీద చూడాలి. "చూడి బర్రెలు ఈసుకుపోతున్నయి" (గర్భాలు పోతున్నాయి) అంటే తొందరపడి నీటి మీద వేయొద్దు. బ్రూసెల్లోసిస్ అనే రోగంతో కూడా అలా జరుగుతుంది, ముందు వెటర్నరీ డాక్టరు రక్తపరీక్ష చేయాలి. తేలికగా వదిలేయొద్దు, తేలకుండా నింద వేయొద్దు.

జాబితాలో లేనిదాన్ని ఎవరూ కొలవరు, కొలవనిది రిపోర్టులో ఉండదు. పటాన్‌చెరు కథ ఇదే. స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, ఆ ఫలితాలను 2007లో ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు చేరే ప్లాంటు అది. శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జబ్బు మనిషి ఆ మందు మింగినప్పుడు రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి పోయేవి. బీఓడీ, సీఓడీ చూసే పట్టికలో యాంటీబయాటిక్‌కు గడే లేదు. ఏ బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతోందో ఆ పట్టిక చెప్పలేదు.

నాలుగో పని: ఎక్కడ, ఎప్పుడు

చోట్లు ఐదారు చాలు. కాలుష్యం కలవకముందు ఎగువన ఒకటి తప్పకుండా ఉండాలి. అది లేకపోతే "పై నుంచే అలా వస్తోంది" అన్న మాటకు జవాబుండదు. తర్వాత పైపు లేదా ఒర్రె కలిసే చోటు, ఊరి మురుగు కలిసే చోటు, చెరువు మధ్య, తూము, దిగువన ఒక బోరు.

వేళల గురించి మాత్రం గంటల తరబడి మాట్లాడండి. ఆక్సిజన్‌కు తెల్లవారుజాము అని ముందే చెప్పాను. అమ్మోనియాకు అది సరైన వేళ కాదు. కిట్‌తో మనం కొలిచేది మొత్తం అమ్మోనియా. అందులో చేపను చంపే భాగం ఎంతన్నది పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని) బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 9 అయితే మూడో వంతు పైనే. నాచు బాగా ఉన్న చెరువులో పీహెచ్ పైకెక్కేది మధ్యాహ్నం తర్వాత. అంటే ఒకే చెరువులో ఒక ప్రమాదం కోడి కూసే వేళ, ఇంకోటి మూడు గంటల ఎండలో. రోజుకు ఒక్కసారి శాంపిల్ అనే పద్ధతితో ఈ రెండూ ఒకేసారి పట్టుబడవు.

మిగతా వేళలు జనమే చెబుతారు. "ఆదివారం రాత్రి వాసన ఎక్కువ", "తొలకరి పడ్డ మర్నాడు నురగ." మొదటి వానకు ఎక్కడెక్కడ నిలవ ఉన్నదీ కొట్టుకొస్తుంది, కొంతమంది ఆ వాన కోసమే ఎదురుచూస్తారు కూడా. కాబట్టి నెలకోసారి నిర్ణీత తేదీ కాకుండా, నెలకోసారి మామూలు శాంపిల్, మొదటి పెద్ద వాన తర్వాత ఒకటి, ముందుగా చెప్పని రాత్రి శాంపిళ్లు ఏడాదికి కొన్ని అని రాసుకోండి. రాత్రి శాంపిల్‌కు కంపెనీ ప్రతినిధి ఒప్పుకోవడానికి సమయం పట్టొచ్చు. శాంపిల్ కంపెనీ గేటు లోపల కాదు, ఊరి చెరువులో తీస్తామని చెబితే కాదనడానికి కారణం ఉండదు.

ఐదో పని: అందరి కళ్ల ముందు శాంపిల్ తీయడం

నమ్మకం మీటింగుల్లో కంటే ఒడ్డు మీద ఎక్కువ పుడుతుంది. ఒకసారి ఇలా చేసి చూడండి. మూత గట్టిగా పడే గాజు సీసాలో బుడగ రాకుండా చెరువు నీళ్లు నింపాలి. అందులో మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం, తర్వాత క్షార అయొడైడ్ ద్రావణం సన్నని పిప్పెట్‌తో నీటి అడుగుకు వదలాలి. మూత పెట్టి నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమ రంగు ముద్దలు ముద్దలుగా ఏర్పడి మెల్లగా కిందికి దిగుతాయి. ఆక్సిజన్ లేకపోతే అది పాలలా తెల్లగా ఉండిపోతుంది. అలుగు దగ్గర తీసిన సీసాను, మురుగు కలిసే చోట తీసిన సీసాను పక్కపక్కన ఎండలో పెట్టండి. ఒకటి బెల్లం రంగులో, ఇంకోటి తెల్లగా. ఆ రోజు ఒక్క అక్షరం చదవని పెద్దమ్మ సీసాలు చూసి "గిది సచ్చిన నీళ్లు" అంది, తెల్లదాన్ని చూపిస్తూ. కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు కూడా తలూపాడు. ఆ తర్వాత ఆక్సిజన్ అంటే ఏమిటని ఆ ఊళ్లో మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. తర్వాతి మెట్టులో ఆమ్లం వాడాలి కాబట్టి అది గ్లౌజులు వేసుకున్న లెక్చరరే చేయాలి.

ప్రతి శాంపిల్‌నూ మూడు వంతులు చేయండి. ఒకటి ఊరు పంపే ల్యాబ్‌కు, ఒకటి కంపెనీకి, ఒకటి సీల్ వేసి ఐస్ పెట్టెలో పంపి, తేడా వస్తే చూసుకోవడానికి ల్యాబ్‌లోనే దాచేందుకు. బీఓడీ లాంటివి ఎక్కువ రోజులు నిలవ ఉండవు కాబట్టి, దాచిన శాంపిల్ లోహాల వంటి వాటికే పనికొస్తుందని ముందే చెప్పండి. లోహాల శాంపిల్‌లో ల్యాబ్ ఇచ్చిన ఆమ్లం వేయాలి. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ బాటిలే వాడాలి, నిండా నింపకూడదు. బాటిల్ మీద చోటు, తేదీ, గంట, తీసినవారి పేరు రాసి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. చల్లగా ఉంచి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. ఊరి నుంచి ల్యాబ్‌కు బస్సు ఎన్నింటికో చూసుకోకుండా శాంపిల్ వేళ పెట్టొద్దు.

ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అందరూ అడుగుతారు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మీరు కనీసం ఎంత దాకా పట్టగలరు?" తాగునీటిలో సీసం 0.01 దాటకూడదు. ల్యాబ్ పట్టగలిగేది 0.05 నుంచి అయితే, 0.03 ఉన్న నీటికి కూడా రిపోర్టులో "బీడీఎల్" (పట్టగలిగే హద్దు కంటే తక్కువ) అనే వస్తుంది. అది చూసి సీసం లేదని సంబరపడతాం. నిజానికి హద్దుకు మూడింతలుంది. ఎంచుకున్న ప్రతి అంశానికీ, ల్యాబ్ పట్టగలిగే అంకె మన హద్దు కంటే కిందే ఉండాలని ఒప్పందంలో రాసుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. మనం తీసిన శాంపిల్‌తో నేరుగా శిక్షలు పడవు. చట్టప్రకారం చెల్లేది నీటి చట్టం 21వ సెక్షన్ పద్ధతిలో బోర్డు అధికారి తీసి, సీల్ వేసి, సంతకాలు చేయించిన శాంపిల్. మన అంకె పని ఆ అధికారిని సరైన చోటికి, సరైన వేళకు రప్పించడం. బోర్డు ఇంజినీరు మొదటి నుంచి మీ బృందంలో ఉంటే ఇది సులువు.

ఆరో పని: అంకె దగ్గరికి రావడం

మొదటి మూడు నాలుగు నెలలు అంకెల గురించి వాదించొద్దు, కొలవండి, అంతే. ఇప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా ఎలా ఉండాలో మాట్లాడితే అది వేలంపాట అవుతుంది.

తర్వాత వాడకాలను ఒక్కొక్కటిగా తీసుకోండి. ఈ చెరువు చేపలకు, సాగుకు, బట్టలు ఉతకడానికి వాడుతున్నాం అనుకుందాం. ఒక్కో అంశానికి ఈ మూడింట్లో ఏది కఠినమో అదే హద్దు. ఆక్సిజన్ హద్దు చేపలది, ఉప్పు హద్దు వరిది. ఇక్కడ రైతులూ మత్స్యకారులూ కూడా పోట్లాడుకోవచ్చు. వేసవిలో తూము లేపాలా వద్దా అన్నదానికి నీటి లోతుతో సంబంధముంది, లోతుకు ఆక్సిజన్‌తో సంబంధముంది. ఈ గొడవను అణచొద్దు, కనీస నీటిమట్టాన్ని కూడా కొలమానాల్లో చేర్చుకుని పరిష్కరించుకోండి.

ఒక్కో అంశానికి రెండు అంకెలు పెట్టుకోవడం మా అనుభవంలో బాగా పనిచేసింది. ఉదాహరణకు తెల్లవారుజాము ఆక్సిజన్ 5 కంటే తగ్గితే హెచ్చరిక: రెండు రోజుల్లో మళ్లీ కొలవాలి, ఎగువ పైపులు చూసి రావాలి. 4 కంటే తగ్గితే ప్రమాదం: అదే రోజు బోర్డుకు, మత్స్య శాఖకు ఫోన్, కంపెనీలు తమ గత మూడు రోజుల లాగ్‌బుక్ చూపించాలి. అంకె పక్కన మనిషి పేరు, ఫోన్ నంబరు, గడువు లేకపోతే ఆ అంకె గోడ మీద రాతే.

సగటు అనే మాట దగ్గర జాగ్రత్త. నెలలో 29 రోజులు 6, ఒక్క రోజు 0.5 ఉంటే సగటు 5.8. చేపలు చచ్చేది ఆ ఒక్క రోజే. విషాలకు, ఆక్సిజన్‌కు ప్రతి కొలతా హద్దులోపల ఉండాలని రాసుకోండి. ఉప్పు లాంటి నెమ్మదిగా దెబ్బతీసే వాటికి సీజన్ సగటు చాలు.

కంపెనీలు ఖర్చు మాట తెస్తాయి. వినండి, నిజంగా వినండి. సీఓడీ తగ్గించడానికి కొత్త యూనిట్ కట్టాలంటే ఏడాది పడుతుంది. దశలవారీ గడువుకు ఒప్పుకోవచ్చు. ఆ గడువులో వేసవి నెలలు పూర్తిగా ఆపుతారా, నిలవ చేస్తారా, ఆయకట్టు నష్టం ఎవరు భరిస్తారు అన్నవి కూడా అదే కాగితం మీద ఉండాలి. ఏకాభిప్రాయం రాని అంశాన్ని ఓటు వేసి తోసెయ్యొద్దు. ఎవరు ఏ కారణంతో ఒప్పుకోలేదో వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. అలాంటి రాతలు తర్వాత బోర్డు ముందు చాలా పనికొస్తాయి.

ఏడో పని: కాగితానికి బలం

గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. తీర్మానం కాపీ, నాలుగు నెలల కొలతలు, మ్యాపు కలిపి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. అడగాల్సింది స్పష్టంగా అడగండి: ఎగువ కంపెనీల అనుమతి రెన్యువల్ అయ్యేటప్పుడు ఈ హద్దులను, వేసవి షరతులను అందులో చేర్చాలని. రెన్యువల్ తేదీ రిజిస్టర్లో చూసి ఉంటారు కాబట్టి దానికి ఆరు నెలల ముందే వెళ్లండి.

ఎనిమిదో పని: ఢిల్లీ ముసాయిదాకు ఊరి నుంచి ఉత్తరం

కేంద్ర పర్యావరణ శాఖ కొత్త ప్రమాణాలు పెట్టేటప్పుడు ముసాయిదాను గెజిట్‌లో వేసి అభిప్రాయాలు అడుగుతుంది, సాధారణంగా 60 రోజులు గడువిస్తుంది. అప్పుడు ఎవరు మాట్లాడతారో వాళ్ల మాటే పడుతుంది. రెండు ఉదాహరణలు చెప్తాను.

2015 నవంబరులో మురుగు శుద్ధి ప్లాంట్లకు ముసాయిదా వచ్చింది: బీఓడీ 10, మొత్తం నత్రజనికి కూడా హద్దు. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి మెట్రోలు, చాలా రాష్ట్రాల రాజధానుల్లో బీఓడీ 20, మిగతా చోట్ల 30 అయింది, నత్రజని హద్దే మాయమైంది. నాచును పెంచి చెరువులను తెల్లవారుజామున ఊపిరాడకుండా చేసేవాటిలో ఆ నత్రజని ముఖ్యమైనది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ బీఓడీ 10 వైపు ఆదేశించింది. రెండోది 2020 జనవరిలో: మందుల కంపెనీల నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా. పటాన్‌చెరు లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఎదురుచూసినది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు.

కాబట్టి మీ బృందంలో ఒకరికి నెలకోసారి గెజిట్ చూసే పని అప్పగించండి. ముసాయిదా ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. లెక్చరరుతో రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి మళ్లీ అదే వరుసలో విడివిడి మీటింగులు పెట్టండి. ఉత్తరం రాసేటప్పుడు "మేం వ్యతిరేకిస్తున్నాం" అని ఆపేయొద్దు. ఏ సీరియల్ నంబరులోని ఏ అంకె, దాని బదులు ఏ అంకె కావాలి, ఎందుకు, మీ చెరువు కొలతలు ఏం చూపిస్తున్నాయి అని రాయండి. కొలతలున్న ఉత్తరాన్ని పక్కన పెట్టడం కష్టం.

చేపలు చచ్చిన రోజు ఏం చేయాలి

దీన్ని ముందే కాగితం మీద రాసి మత్స్యకారుల సొసైటీ గోడకు అతికించండి, ఎందుకంటే ఆ రోజు ఎవరి బుర్రా పనిచేయదు. మొదట నీటి శాంపిల్, ఫోన్లు తర్వాత. ఆక్సిజన్ సీసాను ఒడ్డునే రసాయనాలు వేసి స్థిరపరచాలి, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు అంకె మారిపోతుంది. ఇంకా కొట్టుకుంటున్న చేపలు నాలుగైదు విడివిడిగా కవర్లలో పెట్టి ఐస్ మీద ఉంచాలి, కుళ్లినవి పరీక్షకు పనికిరావు. చెరువు మధ్యలో ఒకటి, కలిసే చోటు ఒకటి, ఎగువన ఒకటి శాంపిల్. టైం కనిపించేలా ఫోటోలు. ఆ తర్వాత బోర్డుకు, మత్స్య శాఖకు, పంచాయతీకి ఫోన్. అధికారి వచ్చేదాకా ఆ చేపల్ని ఎవరూ అమ్మకుండా, తినకుండా చూడాలి. ఆ పూట తిండి లేని ఇళ్లకు ఏం చేస్తారో అది కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

కొలతలు ఊరికి తిరిగి రావాలి

నెలనెలా వచ్చిన అంకెల్ని కట్ట మీద, మత్తడి పక్కన నల్లబోర్డు మీద రాయండి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు సుద్దముక్కలు చాలు. రిపోర్టు పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే ఎవరూ తెరవరు. అంకె బాగున్న నెలలో కూడా రాయండి, కంపెనీ చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదీ రాయండి. ఏడాదికోసారి, తొలకరికి ముందు మళ్లీ అందరూ కూర్చుని జాబితా తిరగేయండి. ఎగువన కొత్త కంపెనీ వచ్చిందా, ఎవరైనా కొత్త పంట వేశారా, ఏ అంశం ఏడాదంతా పట్టుబడలేదు, ఏ ఫిర్యాదుకు ఇంకా గడి దొరకలేదు అని చూసుకోండి. ఆ మీటింగుకు పిలిచేటప్పుడు, పోయినసారి గోడకు ఆనుకుని కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్ల ఇళ్లకు ముందు వెళ్లండి.